పూల దగ్గరికి రాని సీతాకోకచిలుక

గొంగళిపురుగుల ఆహారం గురించి గత నెల ఈ శీర్షికలో రాస్తూ, ఆకు ముట్టకుండా సాటి కీటకాలను తిని పెరిగే సీతాకోకచిలుక ఒకటి ఉత్తర అమెరికా అడవుల్లో ఉందని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు వెళ్లిపోయాను. ఆ ఒక్క వాక్యం మీదే ఎక్కువ ఉత్తరాలు వచ్చాయి. అందుకే ఈ నెల శీర్షిక మొత్తాన్ని ఆ చిన్న ప్రాణికీ, అది బతికే వాగు ఒడ్డు అడవికీ కేటాయిస్తున్నాను. ఒకే విషయం అడిగిన ఉత్తరాలను ఒక ప్రశ్నగా కలిపాను.

ప్రశ్న: అమెరికా తూర్పు ప్రాంతంలో ఉంటున్న మా అమ్మాయి ఇంటికి వెళ్లినప్పుడు, వాగు పక్కన పెరిగిన పొదల కొమ్మలకు దూది చుట్టినట్టు తెల్లగా ఏదో పట్టి ఉండడం చూశాను. దగ్గరికి వెళ్లి చూస్తే ఆ తెలుపులో ఒక గొంగళిపురుగు కదులుతోంది. అది మాంసం తినే సీతాకోకచిలుక పిల్ల అని మాతో నడుస్తున్న పెద్దాయన అన్నారు. పూలతేనె తాగే ప్రాణికి మాంసం ఏమిటని నేను ఆ మాటను నమ్మలేదు. ఆయన చెప్పింది నిజమేనా?

జవాబు: ఆయన చెప్పింది నిజమే. మీరు చూసిన పొద ఆల్డర్, దానికి పట్టిన తెలుపు ఉన్ని పేనుబంక అనే చిన్న పురుగులది. అందులో కదిలిన గొంగళిపురుగు హార్వెస్టర్ అనే సీతాకోకచిలుకది అయివుండే అవకాశం చాలా ఎక్కువ. దీని శాస్త్రీయ నామం ఫెనిసెకా టార్క్వినియస్. 1793లో ఫాబ్రిషియస్ అనే డెన్మార్క్ కీటక శాస్త్రవేత్త దీనిని మొదటిసారి వర్ణించి పేరు పెట్టాడు. ఫెనిసెకా అనే ప్రజాతి నామం తరువాతి కాలంలో చేరింది. లాటిన్‌లో దాని అర్థం గడ్డి కోసేవాడు. ఇంగ్లీషులో వాడుకలో ఉన్న హార్వెస్టర్ అనే పేరు కూడా కోతగాడనే అర్థాన్నే ఇస్తుంది. గడ్డితో గాని పంటతో గాని ఏ సంబంధమూ లేని ఈ ప్రాణికి, పేనుబంక గుంపును ఒక పక్క నుంచి వరసగా కోసుకుంటూ పోయే దాని గొంగళిపురుగును చూసినప్పుడు మాత్రం, ఆ పేరు బాగానే నప్పిందని నాకు అనిపిస్తుంది.

అయితే మాంసాహారి అనే మాట గొంగళిపురుగు దశకే వర్తిస్తుంది. రెక్కలు వచ్చిన సీతాకోకచిలుక దేన్నీ వేటాడదు, నమలదు. నమలడానికి దానికి దవడలే ఉండవు. అవకాశం దొరికితే మాంసం రుచి చూసే గొంగళిపురుగులు ఇంకా ఉన్నాయి. ఉదాహరణకు మోనార్క్ గొంగళిపురుగు తన జాతి గుడ్లు ఎదురైతే వాటిని కూడా తినేస్తుంది, కాని మిల్క్‌వీడ్ ఆకు లేకుండా అది పెరగలేదు. హార్వెస్టర్ సంగతి వేరు. గుడ్డులోంచి బయటికి వచ్చిన నాటి నుంచి ప్యూపాగా మారే వరకు దాని ఆహారం పేనుబంక మాత్రమే. పచ్చని ఆకుల మధ్య ఉంచినా, పేనుబంక లేకపోతే అది ఆకలితో చనిపోతుంది. అమెరికా సంయుక్త రాష్ట్రాలలోను, కెనడాలోను ఇలా పూర్తిగా మాంసాహారం మీదే పెరిగే సీతాకోకచిలుక ఇదొక్కటే.

నమ్మలేదని మీరు నొచ్చుకోవలసిన పని లేదు. ఈ గొంగళిపురుగు ఆల్డర్ కొమ్మల మీద కనిపించేది కాబట్టి ఆల్డర్ ఆకులే తింటుందని పండితులు కూడా చాలాకాలం అనుకున్నారు. గొంగళిపురుగు ఏ మొక్క మీద ఉంటే ఆ మొక్కనే తింటుందన్న నమ్మకం అంత బలంగా ఉండేది. అమెరికాలో పేరుపొందిన కీటక శాస్త్రవేత్త చార్లెస్ వాలెంటైన్ రైలీ 1886లో ఇది మాంసాహారి అని స్పష్టంగా ప్రకటించాడు. అదే సంవత్సరం విలియం హెన్రీ ఎడ్వర్డ్స్ దీని గుడ్డు నుంచి ప్యూపా వరకు ఉన్న దశలను వివరంగా వర్ణించాడు. అంటే పేరు పెట్టిన తరువాత దాదాపు 90 సంవత్సరాలకు గాని దాని భోజనం ఏమిటో తేలలేదన్నమాట.

ప్రశ్న: గొంగళిపురుగు నెమ్మదిగా పాకే ప్రాణి కదా, అది వేట ఎలా చేయగలదు? పేనుబంక పారిపోదా?

జవాబు: పేనుబంక పారిపోయే రకం కాదు. తొండాన్ని కొమ్మ బెరడులోకి దింపి, రసం పీలుస్తూ, ఉన్నచోటనే వారాల తరబడి కూర్చుంటుంది. చాలా కాలం మగవాటితో పని లేకుండానే ఆడవి పిల్లలను కంటాయి కాబట్టి, ఒకటి నాలుగై, నాలుగు నలభై అయి, కొద్ది రోజుల్లోనే కొమ్మ చుట్టూ తొడుగులా పరుచుకుంటాయి. వాటి పొట్ట మీది గ్రంథుల నుంచి మైనం సన్నని దారాలుగా బయటికి వస్తుంది. మీరు దూది అనుకున్నది ఆ మైనమే. వేలితో తాకితే పొడిపొడిగా అంటుకుంటుంది, దాని కింద మెత్తని బూడిదరంగు పురుగులు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ కనిపిస్తాయి.

తల్లి సీతాకోకచిలుక ఈ గుంపు పక్కనే, లేదా గుంపు మధ్యలోనే, గుడ్లను విడివిడిగా ఒక్కొక్కటిగా పెడుతుంది. పిల్ల బయటికి రాగానే ఆహారం ముట్టెకు తగులుతుంది, వెతుక్కోవలసిన అవసరం ఉండదు. అది పట్టుతో పలుచని వల అల్లుకొని, దాని చాటున పేనుబంకల కిందికి దూరి, దొరికినదాన్ని దొరికినట్టు తింటూ ముందుకు జరుగుతుంది. తిన్న పేనుబంకల డొల్లలు, రాలిన మైనం ఆ వలకూ, దాని ఒంటి మీది వెంట్రుకలకూ చిక్కుకొని ఒక పైకప్పులా తయారవుతాయి. పైనుంచి చూసేవారికి అక్కడ కూడా పేనుబంకలే ఉన్నట్టు కనిపిస్తుంది. కొమ్మను ఓపికగా చూస్తూ కూర్చుంటే, ఆ తెలుపులో ఒక భాగం మిగతా భాగం కంటే కొంచెం ఎత్తుగా ఉబ్బి, ఉన్నట్టుండి ఒక పక్కకు జరగడం గమనించవచ్చు. గొంగళిపురుగు ఉన్నది అక్కడే.

మాంసాహారం వల్ల దీనికి కలిగిన లాభం వేగం. ఆకులో పోషకాలు తక్కువ, పీచు ఎక్కువ కాబట్టి ఆకు తినే గొంగళిపురుగు చాలా తిని, నెమ్మదిగా పెరుగుతుంది. సాధారణంగా సీతాకోకచిలుకల గొంగళిపురుగులకు అయిదు దశలు ఉంటాయి, అంటే ప్యూపాగా మారేలోపు నాలుగుసార్లు చర్మం విడుస్తాయి. హార్వెస్టర్‌కు నాలుగు దశలే. వాతావరణం వెచ్చగా ఉండి ఆహారం సమృద్ధిగా ఉంటే పది రోజులు అటూ ఇటూగా అది పూర్తిగా ఎదిగిపోతుంది. పేనుబంక గుంపు ఎప్పుడు చెదిరిపోతుందో తెలియని పరిస్థితిలో ఈ తొందర దానికి చాలా అవసరం.

ప్రశ్న: మా చిక్కుడు పాదుకు పేనుబంక పట్టినప్పుడు చీమలు బారులు తీరి కాపలా కాస్తాయి. అక్షింతల పురుగు వస్తే తరిమేస్తాయి. మరి ఈ గొంగళిపురుగును అక్కడి చీమలు ఎలా వదిలిపెడుతున్నాయి?

జవాబు: సేద్యం చేసే కన్ను మాత్రమే అడగగల ప్రశ్న ఇది. ఈ సీతాకోకచిలుక కథలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం కూడా ఇదే.

పేనుబంక విసర్జించే తియ్యని జిగట ద్రవాన్ని మన రైతులు తేనెబంక అంటారు. ఆ తేనెబంక కోసమే చీమలు పేనుబంకను కాపాడతాయి. ఆల్డర్ మీది ఉన్ని పేనుబంకకు కూడా చీమల కాపలా ఉంటుంది. అయితే చీమల లోకం ఎక్కువగా వాసనల లోకం. ఎదుటి ప్రాణి శరీరం మీది మైనపు పూతను మీసాలతో తడిమి, దాని వాసనను బట్టి తనదో పరాయిదో చీమ తేల్చుకుంటుంది. 2005లో వెలువడిన ఒక పరిశోధనలో హార్వెస్టర్ గొంగళిపురుగు చర్మం మీది కొవ్వు పదార్థాలను పరీక్షించినప్పుడు, అవి అది తినే పేనుబంక చర్మం మీది పదార్థాలను పోలి ఉన్నట్టు తేలింది. అంటే చీమ వచ్చి తడిమినప్పుడు, దానికి తగిలేది పేనుబంక వాసనే. కాపలాదారు తన మందలోని జీవాన్నే తాకానని అనుకొని ముందుకు సాగిపోతుంది. పైన చెప్పిన డొల్లల కప్పు, పట్టు వల ఇందుకు అదనపు రక్షణ.

అదే ఆల్డర్ కొమ్మ మీద ఇదే పనిని మరో పద్ధతిలో చేసే ప్రాణి ఇంకొకటి ఉంది. అది ఇంగ్లీషులో లేస్‌వింగ్ అనే అల్లిక రెక్కల పురుగుల్లో ఒక జాతి పిల్ల. పేనుబంకల మీది మైనాన్ని దవడలతో పీకి, తన వీపు మీద వేసుకొని, తెల్లని గుంపులో కలిసిపోయి వాటినే తింటుంది. థామస్ ఐస్నర్, ఆయన సహచరులు 1978లో దీని మీద ఒక ప్రసిద్ధ ప్రయోగం వివరాలు ప్రచురించారు. వీపు మీది మైనాన్ని తీసేసి ఆ పురుగును కొమ్మ మీద వదిలితే చీమలు దాన్ని పట్టి లాగేశాయి, మైనం ఉన్నవాటిని మాత్రం వదిలిపెట్టాయి. ఒకే మందను దోచుకోవడానికి ఒకటి తోలు కప్పుకొని వస్తే, మరొకటి వాసన పూసుకొని వస్తోంది.

ప్రశ్న: ఈ సీతాకోకచిలుక అడవుల్లోనే, అది కూడా కొన్ని అడవుల్లోనే ఎందుకు ఉంటుంది? పేనుబంక ఎక్కడైనా ఉంటుంది కదా.

జవాబు: పేనుబంక ఎక్కడైనా ఉంటుందన్న మాట నిజమే, కాని హార్వెస్టర్‌కు కావలసింది ఉన్ని కప్పుకున్న కొద్ది జాతులే. వాటిలో ముఖ్యమైనది ఆల్డర్ ఉన్ని పేనుబంక. దాని జీవితం ఒక్క చెట్టుతో సరిపోదు. చలికాలంలో దాని గుడ్లు సిల్వర్ మేపుల్ చెట్టు బెరడు పగుళ్లలో ఉంటాయి. వసంతంలో పొదిగిన పిల్లలు మేపుల్ ఆకుల అడుగున, ఈనెల వెంట పెరుగుతాయి. వేసవి మొదలయ్యాక రెక్కలు ఉన్న తరం ఒకటి పుట్టి ఆల్డర్ పొదలకు ఎగిరిపోతుంది. మీరు చూసే తెల్లని తొడుగులు అక్కడ తయారవుతాయి. ఆకులు రాలే కాలంలో మళ్లీ రెక్కలు ఉన్నవి పుట్టి మేపుల్‌కు తిరిగి వెళ్లి గుడ్ల తరానికి జన్మనిస్తాయి. కొన్ని మాత్రం ఆల్డర్ మొదళ్ల దగ్గర, రాలిన ఆకుల కింద చలికాలం గడుపుతాయి.

కాబట్టి ఈ సీతాకోకచిలుక నిలవాలంటే ఆల్డర్ ఉండాలి, ఎగిరిపోగల దూరంలో మేపుల్ ఉంటే మరీ మంచిది. రెండూ తడి నేలను ఇష్టపడేవే. ఆల్డర్ వాగుల ఒడ్డున, ఊటనేలల్లో, నీళ్లు నిలిచే అడవి అంచుల్లో గుబురుగా పెరుగుతుంది. దాని వేళ్ల బుడిపెల్లో ఫ్రాంకియా అనే బ్యాక్టీరియా నివసిస్తూ, గాలిలోని నత్రజనిని మొక్కకు అందే రూపంలోకి మారుస్తుంది. మన పప్పుజాతి మొక్కల వేళ్లలో జరిగేలాంటి పనే ఇది. నత్రజని లేని ఇసుక ఒడ్డున కూడా ఆల్డర్ ఏపుగా ఎదగడానికి కారణం ఇదే. అలా ఎదిగిన పొద ఒడ్డును పట్టి ఉంచుతుంది, నీటికి నీడ ఇస్తుంది, రాలిన ఆకులతో నీటి పురుగులకు మేత ఇస్తుంది.

రెండో నివాసం బీచ్ అనే చెట్ల అడవి (సముద్రతీరం అనే అర్థంలోని బీచ్ కాదు). అమెరికన్ బీచ్ కొమ్మల మీద మరో జాతి ఉన్ని పేనుబంక వేసవి రెండో సగంలో గుంపులు కడుతుంది. కొమ్మను కొంచెం కదిలిస్తే చాలు, వందలాది పురుగులు ఒక్కసారిగా వెనుక భాగాన్ని పైకెత్తి, అటూ ఇటూ ఊపుతాయి. కొమ్మంతా తెల్లగా అలలా ఊగుతుంది. శత్రువును బెదిరించడానికి అవి చేసే పని ఇది. ఈ గుంపు కింద నిలబడితే తేనెబంక సన్నని జల్లులా రాలుతుంది. అది పడిన కొమ్మల మీద, కింది ఆకుల మీద నల్లని స్పాంజిలాంటి బూజు ముద్దలుగా పెరుగుతుంది. తెల్లని పురుగులు పైన, నల్లని బూజు కింద ఉన్న బీచ్ కొమ్మ కనిపిస్తే, హార్వెస్టర్ కోసం అక్కడ వెతకవచ్చు. ఇవి కాక హాథార్న్ వంటి మరికొన్ని చెట్ల మీది ఉన్ని పేనుబంకలను కూడా ఇది తింటుంది.

ఇది కెనడాలోని నోవా స్కోషియా నుంచి దక్షిణాన ఫ్లోరిడా వరకు, పడమర టెక్సస్ వరకు విస్తరించి ఉంది. పటంలో చూస్తే చాలా పెద్ద ప్రదేశమే, కాని ఆ పటమంతటా సమంగా పరుచుకొని లేదు. ఒక వాగు ఒడ్డున ఉంటుంది, పక్క వాగు దగ్గర ఉండదు. ఒక ఏడు కనిపించిన పొదల్లో మరుసటి ఏడు కనిపించకపోవచ్చు, ఎందుకంటే పేనుబంక గుంపులు ఎక్కడ లేస్తే అది అక్కడికి చేరుతుంది.

ప్రశ్న: న్యూ జెర్సీలో మా పెరట్లో సీతాకోకచిలుకల కోసం పూలమొక్కలు పెంచుతున్నాము. హార్వెస్టర్ రావాలంటే ఏ పూలమొక్క నాటాలి?

జవాబు: ఏ పూలమొక్కా దీన్ని రప్పించదు. హార్వెస్టర్ తొండం చాలా పొట్టిది, పూల గొట్టాల లోతుకు అందదు. ఉత్తర అమెరికా సీతాకోకచిలుకల్లో ఇంత పొట్టి తొండం ఉన్నది మరొకటి లేదంటారు. అందువల్ల ఇది పూలను దాదాపుగా పట్టించుకోదు. పేనుబంక గుంపుల దగ్గర వాలి తేనెబంకను పీలుస్తుంది, చెట్ల గాయాల నుంచి కారే రసం తాగుతుంది, వాగు ఒడ్డు తడి ఇసుక మీద, పశువుల పేడ మీద వాలి లవణాలు తీసుకుంటుంది. ఇక్కడ ఆలోచించదగిన విషయం ఒకటి ఉంది. గొంగళిపురుగుగా ఏ పేనుబంకను తిని పెరిగిందో, పెద్దయ్యాక ఆ పేనుబంక వదిలే తేనెబంకనే తాగుతుంది. ఒక్క గుంపే దానికి ఉయ్యాల, పొలం, గాదె అన్నీ.

మీ పెరడు తడి నేలైతే, దగ్గరలో వాగు ఉంటే, అక్కడి స్థానిక జాతి ఆల్డర్ పొదలు నాలుగు నాటండి. ఉన్ని పేనుబంక పట్టినప్పుడు వాటిని అలాగే ఉండనివ్వండి. ఒక్క సంవత్సరంలో ఫలితం కనిపించకపోవచ్చు. పొడి నేలైతే, ఆల్డర్ నాటి నీళ్లు పోస్తూ కష్టపడడం కంటే, మీ ఊరి వాగు ఒడ్డున ఉన్న పొదలను నరకకుండా చూడడం ఎక్కువ ప్రయోజనం.

ప్రశ్న: ఉన్ని పేనుబంక చెట్టును చంపుతుంది కదా? దానికి మందు కొట్టకూడదా?

జవాబు: ఆరోగ్యంగా ఉన్న ఆల్డర్‌ను గాని, మేపుల్‌ను గాని, బీచ్‌ను గాని ఈ పేనుబంక సాధారణంగా చంపదు. కొన్ని చిగుళ్లు ముడుచుకుంటాయి, కొన్ని సన్న కొమ్మలు ఎండుతాయి, కింద ఉన్న బల్ల మీద, కారు మీద జిగట పడి నల్లబడుతుంది. చూడడానికి బాగోదన్న మాట నిజమే. కాని అడవి అంచున ఉన్న పొద మీద మందు కొడితే పేనుబంకతో పాటు దాన్ని తినే హార్వెస్టర్, అల్లిక రెక్కల పురుగు, సిర్ఫిడ్ ఈగ, అక్షింతల పురుగు అన్నీ చచ్చిపోతాయి. తరువాత పేనుబంక తొందరగా తిరిగి వస్తుంది, ఎందుకంటే దానికి మగతోడు లేకుండానే సంతానం కలుగుతుంది. దాని శత్రువులు అంత తొందరగా తిరిగి రాలేవు. పైగా మందు నీటి ఒడ్డున పడితే ఎక్కడికి చేరుతుందో చెప్పనక్కరలేదు. జిగటే సమస్యైతే, పేనుబంక పట్టిన కొమ్మ మీద నీళ్లను ధారగా కొట్టండి, చాలా వరకు రాలిపోతుంది. గొంగళిపురుగులు ఉన్నాయేమో చూసి కొట్టండి, అంతే నేను కోరేది.

బీచ్ చెట్లకు అసలు ముప్పు వేరే ఉంది. ఆకు వ్యాధి ఒకటి 2012లో ఒహాయో రాష్ట్రంలో మొదట కనబడింది. కంటికి కనిపించని నులిపురుగు మొగ్గల్లోకి చేరి ఆకుల ఈనెల మధ్య ముదురు పట్టీలు తెచ్చి, చెట్టును ఏటికేడు క్షీణింపజేస్తుంది. అప్పటి నుంచి అది తూర్పు రాష్ట్రాలలో వ్యాపిస్తూనే ఉంది. బీచ్ తగ్గితే దాని మీది పేనుబంక తగ్గుతుంది, పేనుబంక తగ్గితే ఈ సీతాకోకచిలుకకు వాగు ఒడ్డు ఆల్డర్లే దిక్కవుతాయి. ఆ పొదలను రోడ్ల కోసమో, చూపు కోసమో, ఒడ్డు శుభ్రంగా ఉండాలనో చదును చేయడం చూసినప్పుడు నాకు బాధ కలిగేది ఇందుకే.

ప్రశ్న: దీని ప్యూపా కోతి ముఖంలా ఉంటుందని విన్నాను, నిజమా?

జవాబు: నిజం. గోధుమ రంగు ప్యూపాను ఒక వైపు నుంచి చూస్తే రెండు కళ్లు, అణిగిన ముక్కు ఉన్న చిన్న కోతి ముఖంలా ఉంటుంది. పరిమాణం ఒక పెద్ద కందిగింజకు మించి అంతగా ఉండదు. పక్షులను బెదరగొట్టడానికే అలా ఏర్పడిందని కొందరు అంటారు, కాని అంత చిన్న ముఖానికి పక్షి భయపడుతుందా అన్నది నాకు అనుమానమే. చలికాలాన్ని ఈ జాతి ప్యూపా దశలోనే గడుపుతుంది.

ప్రశ్న: భారతదేశంలో ఇలాంటి సీతాకోకచిలుక లేదా? ఒక్క జాతికి మాంసాహారం ఎలా అలవాటైంది?

జవాబు: ఉంది, పైగా దగ్గరి చుట్టమే. హార్వెస్టర్ లైసీనిడే కుటుంబంలోని మిలెటినే అనే ఉపకుటుంబానికి చెందినది. ఆ ఉపకుటుంబంలో దాదాపు అన్ని జాతులూ ఆకు తినడం మానేసినవే. వాటిలో ఎక్కువ భాగం ఆఫ్రికా, ఆసియాలలో ఉన్నాయి. అమెరికా ఖండాలకు చేరినది హార్వెస్టర్ ఒక్కటే. భారతదేశంలో ఉన్నది స్పాల్గిస్ ఎపియస్, ఇంగ్లీషులో ఏప్‌ఫ్లై అంటారు. దాని ప్యూపా కూడా కోతి ముఖంలాగే ఉంటుంది, ఇంగ్లీషు పేరు అందువల్లే వచ్చింది. దాని గొంగళిపురుగు పేనుబంకకు బదులు పిండినల్లిని తింటుంది, పిండినల్లి తెల్లని పొడినే ఒంటికి పూసుకొని తిరుగుతుంది. 2008లో కోయంబత్తూరు ప్రాంతంలో బొప్పాయి పిండినల్లి మొదటిసారి బయటపడి తరువాత పలు రాష్ట్రాలకు పాకినప్పుడు, దాన్ని తింటున్న స్థానిక కీటకాలలో ఇది కూడా ఉంది. పిండినల్లి పట్టిన కొమ్మ మీద తెల్లని పొడి కప్పుకున్న గొంగళిపురుగు కనిపిస్తే రైతు దాన్ని చంపకూడదు, అది రైతు పనే చేస్తోంది.

ఇంకా విచిత్రమైన బంధువు లైఫైరా బ్రాసోలిస్. ఇది కూడా భారతదేశం నుంచి ఆస్ట్రేలియా వరకు ఉంది. ఆకులను కలిపి కుట్టి చెట్ల మీద గూళ్లు కట్టుకొనే ఎర్రచీమల గూటిలోనే దీని గొంగళిపురుగు పెరుగుతూ చీమల పిల్లలను తింటుంది. చీమలు ఎంత కరిచినా దిగని గట్టి డాలులాంటి చర్మం దానికి ఉంటుంది. బయటికి వచ్చే సీతాకోకచిలుక ఒంటి నిండా ఊడిపోయే పొలుసులు ఉంటాయి. చీమ పట్టుకుంటే దాని నోట్లో పొలుసులు మిగులుతాయి, సీతాకోకచిలుక జారుకుంటుంది.

ఎలా అలవాటైందన్నదానికి శాస్త్రజ్ఞులు ఎక్కువగా చీమల వైపు చూస్తారు. లైసీనిడే కుటుంబంలోని చాలా జాతుల గొంగళిపురుగులు తియ్యని ద్రవం ఇచ్చి చీమల రక్షణ పొందుతాయి. చీమలు తిరిగే కొమ్మ మీదే పేనుబంకలు, పిండినల్లులు కూడా ఉంటాయి. చీమలతో సర్దుకుపోవడం ముందే నేర్చిన గొంగళిపురుగుకు, చీమలు కాపలా కాసే ఆ మెత్తని పురుగులు పక్కనే అందుబాటులో ఉన్నాయి. ఆకు నుంచి అటువైపు మళ్లడం అలాంటి చోట జరిగి ఉంటుందన్న ఆలోచన నాకు సమంజసంగా తోస్తుంది.

ప్రశ్న: వచ్చే వేసవిలో మళ్లీ మా అమ్మాయి దగ్గరికి వెళ్తున్నాము. ఈసారి రెక్కలు ఉన్న హార్వెస్టర్‌ను చూడాలని ఉంది. ఎలా వెతకాలి?

జవాబు: పోయినసారి మీరు చూసిన పొదల దగ్గరికే వెళ్లండి. వేసవి చివరి నుంచి ఆకులు రంగు మారే దాకా తెల్లని గుంపులు బాగా కనిపిస్తాయి. ఆల్డర్ కొమ్మల అడుగు వైపు చూడండి, తెల్లని తొడుగు దొరికితే అక్కడే ఆగండి. హార్వెస్టర్ రెక్కలు చాపితే సుమారు 3 సెంటీమీటర్లు ఉంటుంది. పైవైపు నారింజ రంగు, అంచుల్లో వెడల్పైన ముదురు గోధుమ పట్టీ, మధ్యలో ముదురు మచ్చలు ఉంటాయి. రెక్కలు మూసి కూర్చున్నప్పుడు అడుగు వైపు లేత గోధుమ రంగు మీద తెల్లని గీత చుట్టిన మచ్చలు కనిపిస్తాయి. ఎండిన ఆకు మీద కూర్చుంటే దాన్ని పోల్చుకోవడం కష్టం.

అడవిలోకి ఎండ పడే చోట్ల, మనిషి ఎత్తుకు దగ్గరగా ఉన్న ఆకుల మీద మగవి మధ్యాహ్నం తరువాత కాపు వేసి ఉంటాయి. ఏదైనా ఎగిరితే వెంటపడి, గిర్రున తిరిగి మళ్లీ అదే ఆకు మీదికి వస్తాయి. అందుకని అది ఎగిరిపోయిందని వెంటనే వెళ్లిపోకండి, ఆ ఆకును గుర్తు పెట్టుకొని నిలబడండి. పేనుబంక కొమ్మను తుంచవద్దు, తెలుపును గోకి చూడవద్దు. నడిచి నడిచి చేతులకు చెమట పట్టి ఉంటే తుడుచుకోకండి. ఉప్పు కోసం ఇది మనుషుల చేతుల మీద వాలుతుంది, కదలకుండా ఉంటే ఆ పొట్టి తొండాన్ని చాపి చెమటను పీలుస్తూ అక్కడే కొంతసేపు కూర్చుంటుంది.